వానాకాలం తర్వాత ట్రిప్ అవుతున్న గోడ ఓవెన్: నెల్లూరులో ఒక కేస్ స్టడీ

నెల్లూరు నగరంలోని ఒక ఇంట్లో, వంటగదిలోని నిలువు కప్‌బోర్డులో బిగించిన ఎలక్ట్రిక్ ఓవెన్‌ను వేసిన రెండు మూడు నిమిషాలకే ఇల్లంతా కరెంటు పోతోందన్న ఫిర్యాదుతో ఈ కేసు నా దగ్గరికి వచ్చింది. 2024 సంక్రాంతికి ముందు రోజులవి. ఆ ఇంటివారు వినాయక చవితి అయిన తర్వాత బెంగుళూరులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళి, పండుగకు కొడుకునూ కోడలినీ వెంటబెట్టుకుని తిరిగివచ్చారు. ఈ మధ్యలో ఈశాన్య రుతుపవనాల కాలమంతా గడిచిపోయింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను అంతకు ముందు నెల్లూరును కూడా వానలో ముంచింది. ఆ నెలలన్నీ తలుపులూ కిటికీలూ మూసి ఉన్న ఇంట్లో ఓవెన్ ఒక్కసారి కూడా వేడెక్కలేదు. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే, కాబట్టి ఫోను చేసిన వారిని నేను మొదట అడిగేది ఓవెన్‌ను చివరిసారి ఎప్పుడు వాడారన్న సంగతే.

ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన తీరప్రాంతంలో గోడ ఓవెన్లకు వచ్చే లోపాలలో నేను ఎక్కువగా చూసేది ఇదే, తప్పుడు పద్ధతిలో సరిచేయడం ఎక్కువగా చూసేదీ దీనినే. ఓవెన్ వేస్తే ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి కారితే సరఫరాను తెంచే రక్షణ స్విచ్) పడిపోతోందంటే, ఆ ఆర్‌సీసీబీని తీసేయడమో, ఓవెన్ ఎర్తు తీగను కత్తిరించడమో చేసి చేతులు దులుపుకునే వారు చాలామంది ఉన్నారు. ఆర్‌సీసీబీ పడిపోవడం అంటే అది తన పని తాను సక్రమంగా చేస్తోందని అర్థం. దాని నోరు నొక్కడం మరమ్మతు కాదు, ఇంట్లోని మనుషుల ప్రాణాలను పణంగా పెట్టడం. లీకేజీ (దారి తప్పి బాడీలోకి, ఎర్తులోకి పోయే కరెంటు) ఎక్కడ ఉందో, ఎంత ఉందో కొలిచి, ఆరబెట్టగలిగినదాన్ని ఆరబెట్టి, ఆరనిదాన్ని మార్చడమే దీనికి దారి.

ఓవెన్, దాని అమరిక

ఇది 60 సెంటీమీటర్ల తరగతికి చెందిన మామూలు బిల్ట్-ఇన్ ఓవెన్. నేమ్‌ప్లేటు మీద 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 2.9 కిలోవాట్లు అని ఉంది. లోపల పైభాగాన ఒకే ఫ్రేములో 900 వాట్ల టాప్ ఎలిమెంటు (వేడిచేసే కడ్డీ), 1,900 వాట్ల గ్రిల్ ఎలిమెంటు, వెనుక ఫ్యాను చుట్టూ 2,000 వాట్ల రింగ్ ఎలిమెంటు, అడుగు రేకు కింద కనిపించకుండా 1,100 వాట్ల బాటమ్ ఎలిమెంటు ఉన్నాయి. ఉష్ణోగ్రతను నియంత్రించేది సన్నని రాగి గొట్టంతో కూడిన క్యాపిలరీ థర్మోస్టాట్. పైన, కంట్రోల్ ప్యానెల్ వెనుక, చల్లబరిచే ఫ్యాను మరొకటి ఉంది. అది కప్‌బోర్డులోని గాలిని లాగి తలుపు పైఅంచు దగ్గరి సందులోంచి బయటికి వదులుతుంది. ఓవెన్ ప్లగ్గు సరిగ్గా ఓవెన్ వెనుకే ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌లో ఉంది. ఇంటి మొత్తానికి ఒకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

నేను వెళ్ళడానికి ముందే డీబీ బాక్సులో (ఇంటి రక్షణ స్విచ్చులుండే పెట్టె) ఏ మీట కింద పడుతోందో ఫొటో తీసి పంపమన్నాను. పడింది ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తెంచే స్విచ్) అయితే షార్టు గానీ ఓవర్‌లోడు గానీ అయి ఉండాలి. పడింది ఆర్‌సీసీబీ అయితే ఎర్తులోకి కరెంటు పోతోందని అర్థం. ఫొటోలో పడినది ఆర్‌సీసీబీ. ఇంటి కోడలు చెప్పిన మరో సంగతి నాకు ఇంకా ఎక్కువగా ఉపయోగపడింది. "అన్నా, గ్రిల్లు ఒక్కటే వేస్తే ఏమీ కావడం లేదు, కేకుకు పైనా కిందా రెండూ వేస్తేనే పోతోంది, ఫ్యాను మోడ్‌లో ఒక్కోసారి పోతోంది" అని ఆమె చెప్పారు. వాడేవారు గమనించి చెప్పే ఇలాంటి మాటలను మెకానిక్కులు సాధారణంగా చెవిన పెట్టరు. ఆ ఒక్క వాక్యంలో అనుమానితుల వరుస ఉంది: ముందు కింది ఎలిమెంటు, తర్వాత రింగు, చివరికి పైవి.

ముందు జరిగిన మరమ్మతు

ఫొటో పంపాక, నేను వెళ్ళేలోగా వేరొకరు వచ్చి చూసి వెళ్ళారు. ఆయన వచ్చి వెళ్ళాక ట్రిప్ కావడం ఆగింది, కానీ ఇంటి పెద్దావిడ ఓవెన్ హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. నేను ప్లగ్గు విప్పి చూస్తే ఎర్తు తీగను కత్తిరించి, కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. ఓవెన్ ఆపి ఉన్నప్పుడు దాని బాడీకీ సాకెట్ ఎర్తుకీ మధ్య మల్టీమీటరులో నాలుగైదు వోల్టులే కనిపించాయి. పైనా కిందా ఎలిమెంట్లు రెండూ పనిచేసే బేక్ మోడ్‌లో పెట్టగానే 180 వోల్టులు దాటింది. ఆ తేడాకు కారణం ఉంది. ఈ రకం ఓవెన్లలో చాలావాటిలో మోడ్ మార్చే సెలెక్టర్ స్విచ్ ఫేజును మాత్రమే తెంచుతుంది, ఎలిమెంటు రెండో కొస ఎప్పుడూ న్యూట్రల్‌కు అంటే ఉంటుంది. కాబట్టి ఆపి ఉంచినప్పుడు లీకేజీ దారి బాడీని న్యూట్రల్ దగ్గరే పట్టి ఉంచుతుంది; టెస్టర్ పెట్టి చూసినా వెలగదు, అంతా బాగుందనిపిస్తుంది. వేసినప్పుడే అసలు రూపం బయటపడుతుంది. ఆపిన ఓవెన్‌కు టెస్టర్ ఆనించి భరోసా ఇవ్వడం ఎంత ప్రమాదకరమో ఈ రెండు రీడింగులే చెబుతాయి.

ఎర్తు తీగను మళ్ళీ కలుపుతుంటే పెద్దావిడ సందేహపడ్డారు. "అబ్బయ్యా, అది తీసేసినాకనే కదా నిలబడి పని చేసింది, మళ్ళా కలిపితే మళ్ళా కరెంటు పోతుంది గదా" అన్నారు. నేను ఆమెకు చెప్పింది ఇదే: "అమ్మా, ఇప్పుడు ఆ కరెంటు పోవడానికి దారి లేక ఓవెన్ బాడీ మీద ఆగి ఉంది. తడి కాళ్ళతో ఎవరు ముట్టుకుంటే వాళ్ళే దారి అవుతారు. ఎర్తు ఉంటే ఆ కరెంటు తీగలోంచి పోతుంది, హద్దు దాటితే ట్రిప్పు అవుతుంది." ఈ ఇంట్లో లీకేజీ ఇంకా కొన్ని మిల్లీ ఆంపియర్ల దగ్గరే ఉంది కాబట్టి జివ్వుమనడంతో సరిపోయింది. ఎలిమెంటు పూర్తిగా బాడీకి అంటుకుపోయిన రోజున ఆ హద్దు ఉండదు. ఆ తర్వాత ఆమె మళ్ళీ అభ్యంతరం చెప్పలేదు.

లీకేజీని కొలవడం

ఎర్తు కలిపాక ముందుగా ఇంటిని చూశాను, ఓవెన్‌ను కాదు. ఓవెన్ ప్లగ్గు తీసేసి, ఫ్రిజ్, ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషిన్ వంటివన్నీ మామూలుగా నడుస్తుండగా లీకేజీ క్లాంప్ మీటరుతో మెయిను దగ్గర కొలిస్తే 6 మిల్లీ ఆంపియర్లు వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం ఆ పరికరాల ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా పోయే సహజమైన లీకేజీ. తర్వాత ఆర్‌సీసీబీని దానికోసమే ఉన్న పరీక్ష మీటరుతో చూస్తే 22 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడింది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కు పైన, 30 లోపల ఎక్కడైనా పడవచ్చని ప్రమాణమే చెబుతుంది. కాబట్టి దానిలో ఏ దోషమూ లేదు, మార్చవలసిన పనీ లేదు. ఈ పరీక్ష చేయకుండా ఆర్‌సీసీబీ పాడయిందని తీర్పు చెప్పి కొత్తది అమ్మడం నాకు నచ్చని పని.

తర్వాత ఓవెన్ ఎర్తు తీగ చుట్టూ క్లాంప్ పెట్టి బేక్ మోడ్‌లో వేశాను. మొదట 7 మిల్లీ ఆంపియర్లు చూపించింది. ఎలిమెంటు వేడెక్కుతున్న కొద్దీ అంకె పెరుగుతూ పోయి, రెండు నిమిషాలు దాటాక 21 దగ్గరికి చేరగానే ఆర్‌సీసీబీ పడిపోయింది. ఇంటి లీకేజీ, ఓవెన్ లీకేజీ ఒకదానికొకటి అంకగణితంలో కూడినట్టు కూడవు, ఎందుకంటే ఒకటి కెపాసిటర్లది, మరొకటి రెసిస్టెన్స్‌ది; కానీ రెండూ కలిసి హద్దు దాటించాయన్నది స్పష్టం. వేసిన వెంటనే కాకుండా కొంతసేపటికి ట్రిప్ కావడం అన్న లక్షణం కొందరిని తికమక పెడుతుంది, థర్మోస్టాట్‌నో టైమర్‌నో అనుమానించేలా చేస్తుంది. దాని మూలం ఎలిమెంటు తయారీలో ఉంది.

ఓవెన్ ఎలిమెంటు అంటే స్టీలు గొట్టం మధ్యలో నిక్రోమ్ తీగ చుట్ట, ఆ రెంటి మధ్య గట్టిగా దట్టించిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఈ పొడి వేడిని బాగా పంపుతుంది, కరెంటును పంపదు. అయితే దీనికి చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని ఉప్పు జాడీలో ఉప్పు నీరు కట్టినట్టే, గొట్టం కొసల దగ్గరి సీలు ఏమాత్రం సందు ఇచ్చినా ఇది గాలిలోని తేమను లోపలికి తీసుకుంటుంది. రోజూ వాడే ఓవెన్‌లో ఆ తేమ ఎప్పటికప్పుడు ఆవిరై పోతుంది. నెలల తరబడి చల్లగా పడి ఉన్న ఎలిమెంటులో అది పేరుకుంటుంది. కరెంటు ఇవ్వగానే లోపలి నీరు వేడెక్కి కదలడం మొదలుపెట్టి, మధ్యభాగం నుంచి చల్లగా ఉండే కొసల వైపు నెట్టుకుపోతుంది, అందువల్ల లీకేజీ తగ్గడానికి ముందు పెరుగుతుంది. ఆ పెరిగే దశలోనే ఆర్‌సీసీబీ పడిపోతుంది కాబట్టి, ఎన్నిసార్లు వేసినా ఎలిమెంటు ఆరే దశ వరకు చేరదు.

ఇక ఏ ఎలిమెంటు అన్నది తేల్చాలి. ఓవెన్‌ను బయటికి తీయడానికి ముందు తలుపు తీసేయాలి; కీళ్ళ దగ్గరి కొక్కేలను పైకి లేపి, తలుపును సగం మూసి ఎత్తితే వచ్చేస్తుంది. దాన్ని గచ్చు మీద అంచు ఆనించి నిలబెట్టకూడదు, టెంపర్డ్ గాజుకు అంచే బలహీనమైన చోటు. తలుపు తీసినా ఓవెన్ ఒక్కరు మోసే బరువు కాదు, నేను ఎప్పుడూ సహాయకుడితోనే తీస్తాను. ప్లగ్గు తీసి, వెనుక రేకు విప్పి, ఒక్కొక్క ఎలిమెంటుకు రెండు కొసల తీగలూ విడదీసి కొలిచాను. రెండు కొసలూ విడదీయడం తప్పనిసరి. లేకపోతే ఒకదాని లోపం మరొకదాని మీద కనిపిస్తుంది, పైగా 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్‌ను కొలిచే మీటరు) పరీక్ష టైమర్ బోర్డును కాల్చేయగలదు.

మొదట మామూలు రెసిస్టెన్స్ చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి: బాటమ్ 47.6 ఓములు, టాప్ 58, గ్రిల్ 27.5, రింగ్ 26.1. వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే రావలసిన విలువలు ఇవే. ఉదాహరణకు 230 వోల్టుల మీద 2,000 వాట్లకు సుమారు 26.5 ఓములు రావాలి. అంటే ఎలిమెంట్లన్నీ వేడెక్కుతాయి, ఏదీ తెగిపోలేదు. బాడీకి ఉన్న ఇన్సులేషన్ వేరే సంగతి, అక్కడ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. మల్టీమీటరు ఓము రేంజిలో కింది ఎలిమెంటుకూ బాడీకీ మధ్య 0.9 మెగాఓములు చూపించింది, చూడడానికి అంత చెడ్డగా లేదు. అదే చోట 500 వోల్టుల మెగ్గర్ పెడితే 0.03 మెగాఓములే వచ్చింది. మల్టీమీటరు ఇచ్చే కొద్ది వోల్టులకు నిద్రపోయే లోపం, నిజమైన వోల్టేజీ దగ్గర లేచి కూర్చుంటుంది. మెగ్గర్ లేకుండా ఓవెన్ లీకేజీ మీద తీర్పు చెప్పకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. రింగ్ ఎలిమెంటు 0.4, పై రెండూ 1.2 మెగాఓముల దగ్గర ఉన్నాయి. కోడలు చెప్పిన వరుసే మీటరు కూడా చెప్పింది.

ఆరబెట్టడం

ఇక్కడ చాలామంది నేరుగా ఎలిమెంట్లన్నీ మార్చాలని అంచనా ఇస్తారు. తేమ పట్టిన ఎలిమెంటు చెడిపోయిన ఎలిమెంటు కాదు. సీలు బాగుంటే దాన్ని ఆరబెట్టి ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు, ఇంటివారికి ఆ ఖర్చు మిగులుతుంది.

ఆరబెట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఎలిమెంటును విప్పి, మంచి ఓవెన్‌లో 120 నుంచి 150 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచడం ఒకటి. ఉన్నచోటనే తక్కువ వోల్టేజీ ఇచ్చి దాని వేడితోనే దాన్ని ఆరనివ్వడం రెండోది. ఈ కేసులో కింది ఎలిమెంటును విప్పడం పెద్ద పని కాబట్టి ముందు రెండో పద్ధతినే ఎంచుకున్నాను. మెయిన్స్‌తో తీగ సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే 1 కేవీఏ ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 110 వోల్టులు ఇస్తే కింది ఎలిమెంటు సుమారు 250 వాట్లు తీసుకుంటుంది, అంటే అసలు శక్తిలో నాలుగోవంతు కంటే కాస్త తక్కువ. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడితే లీకేజీ కరెంటు తిరిగి వెళ్ళడానికి ఎర్తు ద్వారా దారి ఉండదు కాబట్టి ఆర్‌సీసీబీ పడదు, ఓవెన్ బాడీ మాత్రం ఎర్తుకు కలిపే ఉంటుంది. నాబ్ తిప్పి వోల్టేజీని తగ్గించే వేరియాక్ ఒక్కటే ఈ పనికి చాలదు. అందులో రెండు వైపులా ఒకే చుట్ట ఉంటుంది, మెయిన్స్ నుంచి వేరు చేయదు. ఈ పని మీటర్లూ అనుభవమూ ఉన్నవారు దగ్గర ఉండి చేయవలసినదే. ఇంట్లో ఎవరూ ఎర్తు తీసేసి "కాసేపు వేడి చేస్తే ఆరిపోతుంది" అని ప్రయత్నించకూడదు.

ఆరే తీరు చూడడానికి ఆసక్తికరంగా ఉంటుంది, ఓపిక లేనివారిని భయపెడుతుంది కూడా. రింగ్ ఎలిమెంటు ఇన్సులేషన్ మొదట 0.4 నుంచి 0.25కు పడిపోయి, ఆ తర్వాత నెమ్మదిగా లేచి 5 దాటి, చల్లారాక 200 మెగాఓములకు పైన నిలిచింది. పై ఎలిమెంట్లు ఇంకా తొందరగా కోలుకున్నాయి. కింది ఎలిమెంటు అలా కాలేదు. 0.03 నుంచి 0.015కు దిగి, ఎంతోసేపటికి 0.6 దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. రాత్రంతా చల్లారనిచ్చి మర్నాడు కొలిస్తే మళ్ళీ 0.08కి జారిపోయింది. వేడిగా ఉన్నప్పుడు వచ్చిన అంకెను చూసి బిల్లు రాసేస్తే వారం తిరక్కుండా అదే ఫిర్యాదు తిరిగివస్తుంది. తీర్పు ఎప్పుడూ చల్లారిన తర్వాతి రీడింగుతోనే ఇవ్వాలి.

కింది ఎలిమెంటును విప్పి బయటికి తీశాక కారణం కళ్ళకు కట్టింది. ఒక కొస దగ్గరి పింగాణీ సీలు చిట్లి ఉంది. బ్రాకెట్టు తగిలే చోట గొట్టం మీద ఎర్రటి తుప్పు గుంటలు పడ్డాయి. దీన్ని మార్చక తప్పలేదు. తెప్పించిన కొత్త ఎలిమెంటును కూడా బిగించే ముందు మెగ్గర్ చేశాను, 12 మెగాఓములు వచ్చింది. గోడౌనులో, కొరియర్ సంచిలో, దుకాణం అరలో గడిపిన కొత్త సామానుకు కూడా మన గాలి తగులుతుంది. దాన్నీ ఆరబెట్టి, 200 దాటాకే బిగించాను.

తుప్పుకు మూలం

ఎలిమెంటు మార్చి వచ్చేస్తే పని సగమే అవుతుంది. అడుగు రేకు కింద, నీళ్ళు ఒలకడానికి వీలులేని చోట, అంత తుప్పు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. జవాబు కప్‌బోర్డులో ఉంది. ఓవెన్ వెనుక గోడ ఇంటికి తూర్పు వైపు బయటి గోడ. వానకు చెమ్మెక్కి, లోపలి పూత ఉబ్బి, చెయ్యి పెడితే తడి తగిలేంతగా ఉంది. చాలా కంపెనీల మాన్యువళ్ళు ఓవెన్ గూడు వెనుక భాగంలో గాలి కోసం 50 మిల్లీమీటర్ల దాకా సందు వదలమంటాయి. ఇక్కడ కార్పెంటరు బొద్దింకలు వస్తాయన్న ఉద్దేశంతో కింద, వెనుక, అన్ని సందులూ ప్లైతో మూసేశారు. ఉద్దేశం మంచిదే. ఫలితంగా చెమ్మ గోడకూ ఓవెన్‌కూ మధ్య గాలి కదలని ఒక పెట్టె తయారైంది, చల్లబరిచే ఫ్యాను లాగడానికి కొత్త గాలి అందలేదు, ఉన్న తడిగాలే ఓవెన్ చుట్టూ తిరిగింది. సముద్రం మైపాడు దగ్గర పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఇదే ఓవెన్‌ను తీరానికి దూరంగా ఉన్న మార్కాపురం, గిద్దలూరు వైపు పెడితే దుమ్ము సమస్య ఉండవచ్చు గానీ ఇలాంటి తుప్పు ఇంత త్వరగా రాదు; ఒంగోలు, కొత్తపట్నం, కావలి, కృష్ణపట్నం వైపు ఇళ్ళలో నాకు కనిపించే దృశ్యం మాత్రం ఇదే.

మూసిన ప్లైని కోసి, సన్నని స్టీలు జాలీ బిగించాం. గాలి ఆడుతుంది, బొద్దింకలూ బల్లులూ రావు. గోడ చెమ్మకు బయటి వైపు నుంచి వాటర్‌ప్రూఫింగ్ చేయించమని ఇంటివారికి చెప్పాను, వేసవిలో చేయించారు. చల్లబరిచే ఫ్యాను రెక్కల మీద నూనె, దుమ్ము కలిసి జిగురు కట్టి ఉంటే శుభ్రం చేశాను, బేరింగు బాగానే ఉంది.

వెనుక రేకు విప్పినప్పుడు మరో లోపం కనిపించింది, దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. టెర్మినల్ బ్లాకులో న్యూట్రల్ స్క్రూ వదులై, ఆ తీగ ఇన్సులేషన్ గోధుమరంగుకు మాడింది. 12, 13 ఆంపియర్లు గంటల తరబడి పారే చోట వదులు జాయింటు నిదానంగా కాలిపోతూ ఉంటుంది, ఏ ఎంసీబీ గానీ ఆర్‌సీసీబీ గానీ దాన్ని గుర్తించదు. బ్లాకు మార్చి, తీగ కొసకు లగ్గు (లోహపు తొడుగు) నొక్కి బిగించాను. ఓవెన్ లోపలి జాయింట్లకు టంకం పెట్టకూడదు, మామూలు టంకం 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. లోపలి తీగ మార్చవలసివస్తే ఇంటి వైరింగుకు వాడే పీవీసీ తీగ పనికిరాదు, సిలికాన్ గానీ ఫైబర్ గ్లాస్ తొడుగు ఉన్న తీగ గానీ వాడాలి. ఓవెన్ వెనుకనే ఉన్న సాకెట్‌ను పక్క అరలోకి మార్పించాను, ఏదైనా జరిగితే ఓవెన్‌ను లాగకుండానే ప్లగ్గు తీయడానికి వీలుగా ఉంటుందని.

బిగించిన తర్వాతి పరీక్షలు

అన్నీ బిగించాక చల్లగా ఉన్నప్పుడు లీకేజీ 0.3 మిల్లీ ఆంపియర్లు, 200 డిగ్రీల దగ్గర గంటసేపు నడిచాక 0.7. ఇలాంటి స్థిరమైన హీటింగ్ పరికరాలకు ఇంటి విద్యుత్ పరికరాల భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335 కిలోవాట్‌కు 0.75 మిల్లీ ఆంపియర్ చొప్పున, ఎంత పెద్దదైనా 5 దాటకుండా అనుమతిస్తుంది. ఈ ఓవెన్‌కు ఆ లెక్కన 2.2 దాకా ఉండవచ్చు. 21 నుంచి 0.7కు దిగింది కాబట్టి లీకేజీ విషయంలో నేను తృప్తి పడ్డాను.

ఉష్ణోగ్రతను థర్మోకపుల్‌తో ఓవెన్ మధ్యలో చూశాను. 180 మీద పెడితే 171కి దిగుతూ 196కి ఎక్కుతూ తిరిగింది, సగటు 183 దగ్గర. క్యాపిలరీ థర్మోస్టాట్ ఉన్న ఓవెన్‌లో ఈ ఊగిసలాట సహజం. ఒక్కసారి చూసిన అంకెతో థర్మోస్టాట్ తప్పని తేల్చకుండా, కనీసం మూడు నాలుగు ఆవృత్తాలు గడిచాక సగటు తీయాలి. తలుపు గాస్కెట్ ఒక మూల గట్టిపడింది గానీ కాగితం ముక్క పెట్టి మూసి లాగితే పట్టు ఉంది, అందువల్ల మార్చలేదు.

ఇంటివారికి చెప్పిన జాగ్రత్తలు

వాటిలో మొదటిది వాడకం. అవసరం ఉన్నా లేకపోయినా పదిహేను రోజులకొకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికొకసారి, ఖాళీ ఓవెన్‌ను కింది ఎలిమెంటు, రింగు ఒకదాని తర్వాత ఒకటి పనిచేసేలా 100 డిగ్రీలతో మొదలుపెట్టి 150 దాకా తీసుకెళ్ళి అరగంట నడపాలి. ఊరికి వెళ్ళేటప్పుడు ఇంటి తాళం ఎవరికైనా ఇచ్చి వెళ్ళేవారు ఈ పని కూడా వారికి అప్పగించవచ్చు. ఖర్చయ్యేది అర యూనిట్ లోపు కరెంటు.

రెండోది గోడ స్విచ్ గురించి. వంట అయిపోగానే గోడ దగ్గరి స్విచ్ ఆపేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది, మిగతా పరికరాలకు అది మంచిదే. ఓవెన్‌కు మాత్రం హాని చేస్తుంది. నాబ్ ఆపాక కూడా చల్లబరిచే ఫ్యాను కొంతసేపు తిరుగుతుంది. అది ఆగక ముందే కరెంటు తీసేస్తే లోపలి వేడంతా పైకెక్కి టైమర్ బోర్డునూ సెలెక్టర్ స్విచ్‌నూ కాలుస్తుంది. ఫ్యాను తనంతట తాను ఆగేవరకు గోడ స్విచ్ ముట్టుకోకూడదు. ఈ మాట నేను ప్రతి ఇంట్లోనూ రెండుసార్లు చెబుతాను.

శుభ్రపరిచేటప్పుడు నీళ్ళు చల్లకుండా తడిగుడ్డతో తుడిచి, తలుపు కాసేపు తెరిచి ఉంచితే చాలు. అడుగున అల్యూమినియం ఫాయిల్ పరవడం మానుకోవాలి, కింది ఎలిమెంటు వేడి పైకి రాకుండా చిక్కి ఎనామెల్ పూతను పాడుచేస్తుంది.

2024 నవంబరులో, మళ్ళీ వానలు పట్టాక, నా మాట మీద వాళ్ళు ఒకసారి కొలిపించుకున్నారు. కొత్త బాటమ్ ఎలిమెంటు 150 మెగాఓములు, రింగు 90, పైవి 60 చూపించాయి. ఒక వాన పడే నెలలో, ఆ గోడ పక్కన, ఇవి మంచి అంకెలు. అదే సమయంలో డీబీ బాక్సులో ఓవెన్‌కు ప్రత్యేకంగా 16 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ (ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండింటి పనీ చేసే స్విచ్) పెట్టించి, ఇంటి ఉమ్మడి ఆర్‌సీసీబీ నుంచి దాన్ని వేరు చేశాం. ఇప్పుడు ఓవెన్‌లో ఎప్పుడైనా తేమ చేరినా ఆ ఒక్క సర్క్యూటే పడుతుంది. ఫ్రిజ్, లైట్లు నడుస్తూనే ఉంటాయి, లోపం ఎక్కడుందో వెతకవలసిన పనీ ఉండదు.